డ్రైవర్ మీద తీర్మానం

పెద్ద వరద వెళ్లిన మరుసటి ఏడు. కేరళలోని కుట్టనాడులో నెడుంతోడు పంచాయతీ ఆఫీసు.

ఇళ్లు కూలినవాళ్ల జాబితా సాయంత్రం ఐదింటికల్లా జిల్లాకు పంపాలి. అందులో తంకమ్మ పేరు లేదు. ఆమె ఇల్లు కూలిందని సంతకం పెట్టాల్సిన అధికారి సెలవులో ఉన్నాడు. రేపు పొద్దున గానీ రాడు.

"ఒక్క పూట ఆగండి సారూ" అని నిన్న వచ్చి ఏడ్చింది.

"కాగితం లేకుండా పేరెక్కించను. కాగితం కోసం గడువు దాటించను" అన్నాడు సెక్రటరీ భార్గవన్ పిళ్ల.

తలుపు దగ్గరున్న ముసలి ప్యూను ఔసేప్ ఆ మాటలు విని, టీ గ్లాసులు ఎత్తుకుని వెళ్లాడు.

తీరా ఈరోజు ల్యాప్‌టాప్ తెరిస్తే వైఫై లేదు. జాబితా అందులోంచే పోవాలి. ఇంకో యంత్రాన్ని జిల్లావాళ్లు ఒప్పుకోరు. ఇంటర్నెట్ తీగ గుచ్చే చోటు వరదనీళ్లకే తుప్పు పట్టిపోయింది.

పట్నం నుంచి ఇంజినీరు సజిత పడవెక్కి వచ్చింది.

"వైఫై పరికరమే లేదంటోంది సార్."

"నిన్నటిదాకా ఉన్నది ఎక్కడికి పోతుందమ్మా? అత్తారింటికి పోయిందా?"

"అదే నేనూ అంటున్నా. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం పాడై, ఇది అబద్ధం చెబుతోంది." యంత్రాన్ని బోర్లా తిప్పింది. "అడుగు మూతకు ఉండాల్సిన మరమేకు కూడా ఒకటి లేదు."

"ఊళ్లో ఇళ్లే పోయాయి, మర ఒక లెక్కా!"

డ్రైవర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించింది. మూడుసార్లు. యంత్రం అదే అబద్ధం మీద నిలబడింది.

ఈలోగా వార్డు సభ్యులు దిగారు. కొత్త డ్రైవర్ వేయాలని ఒక పక్షం. పాతదే తేవాలని ఇంకో పక్షం.

"కొత్తదంటే పెట్టుబడిదారుల కుట్ర!"

"పాతదాన్ని పట్టుకు వేలాడబట్టే ఊరు మునిగింది!"

తీర్మానం పెట్టారు. చేతులెత్తారు. చెరి ఆరు. ప్రెసిడెంటు రత్నమ్మ ఏ పక్షానికీ చేయెత్తలేదు.

"ఫోను తడిస్తే బియ్యంలో పెడతాం కదా, దీన్నీ పెట్టండి" అంది.

"అమ్మా, ఇది తడవలేదు" అంది సజిత.

"పోయినేడు తడిసిందిగా!"

ఔసేప్ ఎర్రబియ్యం బస్తా మోసుకొచ్చాడు. ల్యాప్‌టాప్ గంటసేపు అందులో పడుకుంది.

పిళ్ల ప్యూను వైపు తిరిగాడు. "ఔసేప్ అన్నా, ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడివిగా. నువ్వైనా ఓ చూపు చూడరాదూ?"

"మూడో తరగతోణ్ణి సార్. నాకేం తెలుసు? టీ తెస్తా."

మొలలో దోపిన బీడీకట్ట తడుముకుంటూ వెళ్లాడు.

ఐదు కొట్టింది. పిళ్ల జిల్లాకు ఫోన్ చేశాడు. అవతలివాళ్లు తిట్టారు. తిట్టి తిట్టి, రేపు మధ్యాహ్నం దాకా గడువిచ్చారు.

మర్నాడు పొద్దున అందరికన్నా ముందు ఆఫీసు తెరిచిన ఔసేప్, రేవులో తంకమ్మ సంతకమైన కాగితం పట్టుకుని పడవ దిగడం కిటికీలోంచి చూసి, బీడీకట్ట విప్పి, అందులో దాచిన బొటనవేలంత వైఫై పరికరాన్ని ల్యాప్‌టాప్‌లో దాని చోట పెట్టి, అడుగున ఆ మర బిగించాడు.