అద్దాలా, బ్రేకులా

"రెండూ మంచివే సార్. కానీ మీరు చెప్పిన బడ్జెట్‌లో రెండూ ఒకేదాంట్లో రావు. ఏదో ఒకటి వదులుకోవాల్సిందే," అన్నాడు సేల్స్‌మన్, ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ.

కౌంటరు మీద రెండు లాప్‌టాప్‌లు తెరిచి ఉన్నాయి. వాటి ముందు మీసం నెరిసిన పెద్దమనిషి, చేతిలో నలిగిన కాగితంతో. పక్కనే స్టూలు మీద ఆయన భార్య కళ్లు మూసుకుని కూర్చుంది. రెండంతస్తులు మెట్లెక్కి వచ్చారు ఇద్దరూ. లిఫ్టు పనిచేయడం లేదు.

సేల్స్‌మన్‌కి పొద్దుటి నుంచీ కూర్చునే యోగం పట్టలేదు. ఇందాకే ఒకాయన రెండు గంటలు బుర్ర తిని, చివరికి ఒక మౌసు కొనుక్కుని వెళ్లాడు.

"ఇంకొక్కసారి చెప్పు బాబూ. దీనికీ దానికీ తేడా ఏమిటి?"

"ఇందులో ప్రాసెసర్ కొత్తది, గ్రాఫిక్స్ కార్డు చిన్నది. అందులో కార్డు పెద్దది, ప్రాసెసర్ పాతది. లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. తెర మీద బొమ్మ గీసేది కార్డు. ఇంతకీ ఏ గేము ఆడతారు సార్?"

"బస్సు నడిపే గేమొకటి ఉందటగా. అది."

"బస్సంటే అంత ఇష్టమా?"

"ఇష్టమేమిటి, ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒక్క యాక్సిడెంటు లేదు." ఆయన గొంతు కాస్త లేచి, మళ్లీ కిందికి దిగింది. "పోయిన చలికాలం గుండెకి స్టెంటు వేశారు. ఇక పెద్ద బండి ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. డిపో వాళ్లు ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు."

"ఏమండీ, ఆ అబ్బాయికెందుకు ఇవన్నీ," అంది భార్య కళ్లు తెరవకుండానే. "బొమ్మ బస్సులతో ఆడుకునే వయసా మనది? పదండి, పోదాం."

"నువ్వు కాసేపు ఊరుకో." ఆయన కాగితం విప్పాడు. "సైడు అద్దాల్లో వెనకొచ్చే బండి స్పష్టంగా కనబడాలి. వాన పడితే ముందద్దం మీద చుక్కలు కనబడాలి, వైపరు తుడవాలి. అది దేంట్లో బాగా వస్తుంది?"

"పెద్ద కార్డున్న దాంట్లోనే సార్. రెండోదాంట్లో."

రెండోది పాత స్టాకు. ఈ వారంలో ఎలాగైనా వదిలించమని ఓనరు పొద్దున్నే చెప్పాడు. సేల్స్‌మన్ గేము పెట్టి చూపించాడు. వాన పడుతోంది. సైడు అద్దంలో ఒక మోటారుసైకిలు, దాని మీద రెయిన్‌కోటు మనిషి, అచ్చుగుద్దినట్టు కనబడుతున్నారు.

"బాగుంది," అన్నాడాయన. "మరి దీనికి లోటేమిటి?"

"పెద్ద లోటేం లేదు సార్. ట్రాఫిక్ ఎక్కువైతే కాస్త పట్టి పట్టి కదులుతుంది. ఆ కార్లూ మనుషులూ ఎటు పోవాలో లెక్కేసేది ప్రాసెసర్ కదా. పాతది, అందుకోలేదు."

"పట్టి పట్టి అంటే? అప్పుడు బ్రేకు తొక్కితే?"

"కొంచెం ఆలస్యంగా పడొచ్చు."

ఆయన కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పాడు. అందులో దీనికి జవాబు లేనట్టుంది.

"నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది బాబూ," అన్నాడు మెల్లగా. "మొదటి ట్రిప్పు టైము. లేచి, స్నానం చేసి, తయారై, కుర్చీలో కూర్చోవడం. వెళ్లడానికి చోటు ఉండదు. ఏడు నెలల నుంచీ ఇదే వరస. తిండి కూడా సగానికి పడిపోయింది. ఏదో ఒకటి చెయ్యకపోతే లాభం లేదని ఇలా వచ్చాం."

సేల్స్‌మన్ ఓనరు గది వైపు చూశాడు. ఓనరు ఫోన్లో ఉన్నాడు.

"సార్, అది వద్దు. మొదటిదే తీసుకోండి," అన్నాడు గొంతు తగ్గించి. "ఎంత రద్దీలోనైనా బ్రేకు వెంటనే పడుతుంది. కాకపోతే అద్దాలు మసగ్గా ఉంటాయి."

"అద్దాలు మసకైతే ఇక నడపడమేమిటి?"

ఆయన అటొక చూపు, ఇటొక చూపు చూసి తేల్చుకోలేక నిలబడిపోయాడు. భార్య కళ్లు తెరిచింది.

"అద్దం మసకైతే కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకోవచ్చు. బ్రేకు ఆలస్యమైతే ఏం చూసుకుంటాం? మొదటిదే ఇవ్వు నాయనా."

"ఇన్నేళ్ల కాపురంలో మేడమ్‌కీ బస్సు సంగతులన్నీ పట్టుబడిపోయినట్టున్నాయి," అన్నాడు సేల్స్‌మన్.

పెద్దమనిషి చిన్నగా నవ్వాడు.

సేల్స్‌మన్ లోపలికెళ్లి, డెమో కోసం తెప్పించి మూలన పడేసిన స్టీరింగూ పెడళ్లూ తెచ్చాడు. దుమ్ము తుడిచి మొదటి లాప్‌టాప్‌కి తగిలించాడు. తెర మీద ఖాళీ బస్సొకటి స్టాపులో నిలబడింది, ఇంజను గుర్రుమంటోంది. తనకు దొరకని కుర్చీని ఓనరు గది ముందు నుంచి అడక్కుండానే లాక్కొచ్చి, స్టీరింగు ముందు వేశాడు.

"కొనేముందు ఒక రౌండు వేసి చూడండి సార్. కూర్చోండి."

ఆయన కదల్లేదు.

"నాకు సైకిలే రాదు బాబూ, నేను తొక్కిందల్లా కుట్టుమిషనే," అంటూ కుర్చీని భార్య వైపు తిప్పాడు. "బస్సు నడిపింది ఈవిడ."