ఏ రంపం మంచిది?

"మీరు పాత రంపాలే మంచివని చెప్తే నా చేతులు పోతాయి మామయ్యా," అన్నాడు అల్లుడు.

"కొత్తవి మంచివంటే నా పని పోతుంది," అన్నాడు మెకానిక్. తలెత్తలేదు. పాత రంపం కార్బురేటర్ విప్పి, గుడ్డ మీద పెట్టుకుని బ్రష్షుతో రుద్దుతున్నాడు.

కలప డిపో వెనక రేకుల షెడ్డు అది. ఒక గోడకి ఎనిమిది పాత పెట్రోలు రంపాలు, ఎదురుగోడకి పోయిన నెల దిగిన ఎనిమిది కొత్తవి. కొత్తవాటికి కార్బురేటర్ లేదు. లోపల అగ్గిపెట్టెంత కంప్యూటరొకటి కూర్చుని, పెట్రోలు ఎంత వదలాలో దానంతటదే చూసుకుంటుంది. పాడైతే కంపెనీ మనిషి లాప్‌టాప్ పట్టుకొచ్చి తీగ తగిలిస్తాడు. స్క్రూడ్రైవరుతో అక్కడ చెయ్యగలిగింది ఏమీ లేదు. మెకానిక్‌కి తెలిసిందల్లా స్క్రూడ్రైవరే.

పొద్దున మేనేజరు వచ్చి, "సాయంత్రం నాలుగింటికి రెండు రకాలూ నా ఎదుట కోసి చూపించండి. ఏది మంచిదో మెకానిక్ గారు చెప్తే అదే ఖాయం," అనేసి వెళ్ళాడు. అప్పట్నించీ మామా అల్లుళ్ళ మధ్య మాట తిన్నగా నడవడం లేదు. అల్లుడు కోత మేస్త్రి. అతనూ, అతని కింద ఏడుగురూ రోజంతా పట్టుకునేది ఈ రంపాలే.

"పాతదాని అదురు ఎలా ఉంటుందో మీకు తెలీదు."

"ముప్పై ఏళ్ళుగా బాగు చేస్తున్నాను. నాకు తెలీదా?"

"బాగు చేశారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క రోజు పట్టుకున్నారా?"

మెకానిక్ బ్రష్షు పక్కన పడేశాడు. గొంతు పెంచాడు. "యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు. ఈ షెడ్డు దాటితే నన్నెవడు పనిలో పెట్టుకుంటాడు? కూతురింట్లో తిని కూర్చోమంటావా?"

"కూర్చోండి. ఎవరొద్దన్నారు?"

"నేనే వద్దంటున్నాను!"

అల్లుడు బయటికి వెళ్ళిపోయాడు.

షెడ్డులో మెకానిక్ ఒక్కడే మిగిలాడు. పాత రంపాన్ని బిగించి పక్కన పెట్టాడు. పోటీకి తీసిన కొత్త రంపాన్ని బల్ల మీదికి ఎత్తాడు. ట్యాంకు మూత తిప్పి, తాగే నీళ్ళ సీసా అందుకుని ఓ గుక్కెడు అందులోకి ఒంపాడు. స్టార్టరు తాడు రెండు లాగుళ్ళు లాగినా, పది లాగినా ఇక అది పలకదు. ఇన్నేళ్ళలో మిషన్‌కి చెరుపు చెయ్యడం అదే మొదటిసారి. మూత బిగిస్తుంటే తన చేతుల్ని చూసుకోవాలనిపించలేదు అతనికి.

నాలుగింటికి పావుగంట ఉందనగా అల్లుడు హెల్మెట్ నెత్తిన పెట్టుకుని వచ్చాడు.

"మామయ్యా, ఈ బెల్టు కాస్త పెట్టండి. వేళ్ళకి అందడం లేదు."

"బెల్టు పెట్టుకోలేవా?"

"ఇంట్లో అయితే మీ అమ్మాయి పెడుతుంది. చొక్కా గుండీలు కూడా ఆవిడే."

టైమెంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. మెకానిక్ అతని చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగాడు. నాలుగు వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. గోరుతో గట్టిగా నొక్కాడు.

"నొప్పిగా ఉందా?"

"లేదు. అదే భయంగా ఉంది." అల్లుడు కళ్ళు తిప్పుకున్నాడు. "పొద్దున పాప తల నిమిరాను మామయ్యా. చేతి కింద జుట్టుందో లేదో తెలీలేదు."

మెకానిక్ ఆ చెయ్యి మెల్లగా వదిలాడు. బెల్టు గడ్డం కింద పెట్టి, వదులుగా ఉందేమోనని రెండుసార్లు లాగి చూశాడు.

"నువ్వు పద. రంపాలు నేను తెస్తాను."

అతను వెళ్ళగానే కొత్త రంపం ట్యాంకు డబ్బాలోకి వంచేశాడు. మంచి పెట్రోలుతో రెండుసార్లు కడిగి, మళ్ళీ నింపాడు. చేస్తున్నంతసేపూ కళ్ళ ముందు షెడ్డు మసకబారుతూనే ఉంది.

బయట దుంగ సిద్ధంగా ఉంది. మేనేజరు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పాత రంపం మూడో లాగుకి అందుకుని, గోల చేస్తూ కోసింది. కోసినంతసేపూ అల్లుడి భుజాలు, చెంపలు కూడా అదిరాయి. కొత్తది ఒక్క లాగుకే పలికింది. పాతదానికి పట్టిన దాంట్లో సగం టైముకే దుంగ రెండు ముక్కలై దొర్లింది. అల్లుడి ఒళ్ళు కొంచెమైనా అదరలేదు.

"చెప్పండి మెకానిక్ గారూ," అన్నాడు మేనేజరు.

మెకానిక్ ఒకసారి షెడ్డు వైపు చూశాడు.

"కొత్తవే మంచివి సార్. కోత త్వరగా అవుతుంది, అదురు లేదు, పెట్రోలు తక్కువ తాగుతాయి. పాతవి..." పాత రంపం మీద చెయ్యి వేశాడు. "పాతవి నాలాంటివాడు పక్కనుంటేనే నడుస్తాయి. వీటికి నేనక్కర్లేదు."

కోతవాళ్ళంతా ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అల్లుడు రంపం కింద పెట్టి, గబగబా వచ్చి మామ చెయ్యి పట్టుకున్నాడు.

మేనేజరు సంతోషంగా తలూపి, జేబులోంచి ఫోను తీసి డిపో ఓనరుకి కలిపాడు.

"సార్, తేలిపోయింది. అమ్మకానికి కొత్త రంపాలు పెడదాం, పాతవి తుక్కు కింద తోలేద్దాం. సోమవారం చెట్లు కోసే పెద్ద బండి దిగుతోందిగా, ఇక వీటితోనూ పని లేదు, వీళ్ళతోనూ పని లేదు."