అయ్యగారు పలకని మాట

"ఆ కుర్చీ వదిలెయ్యొదినా. దాని మీద కూకునేవోలెవరు?" అంది సింహాచలమ్మ చాపలు పరుస్తూ. ఆర్నెల్ల కిందటే గోవింద్‌పూర్ నుంచి మారి పర్సుడీహ్ తెలుగు క్రైస్తవ మందిరంలో చేరిన మనిషి. నోరు ఊరుకోదు.

కస్తూరమ్మ బకెట్టులో గుడ్డ ముంచింది. మూలనున్న ఆ చిన్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీని తడిగుడ్డతో తుడిచాకే ఆమె చీపురు పట్టేది. జ్వరమొచ్చినా, వానొచ్చినా, ఏ ఆదివారమూ తప్పలేదు. తొమ్మిదేళ్ల కిందట సంఘమంతా ఖర్కాయ్ నది ఒడ్డుకు వనభోజనానికి వెళ్లినప్పుడు పిల్లల్ని ఆమెకే అప్పగించారు. వాళ్లలో ఆ కుర్చీలో కూర్చునే పిల్ల చెయ్యి ఆమె చేతిలోంచి నీళ్లలోకి జారిపోయింది. అదిగో, అప్పటినుంచి కస్తూరమ్మకు ఏడుపూ లేదు, నవ్వూ లేదు. చేతులు మాత్రం పని చేసుకుపోతాయి.

"ఇయాల ప్రభువు బల్ల కదా. రొట్టె తీసుకుంతావా?"

"ఇంకా పనుందే."

"ఏటి పని? నేలలో మొకం కనబడతంది."

"ఠేకేదారు దగ్గర ఇటుకలు మోసినదాన్ని. పని సేత్తేనే హాజరీ, హాజరీ పడితేనే కూలి. ఊరికే ఎవులిత్తారు?"

ఆరాధన మొదలైంది. పాస్టరు సత్యప్రసాద్ అయ్యగారు వాక్యం చదివి, రక్షణ మన పనుల వల్ల రాదనీ, దేవుడి దయ వల్లే వస్తుందనీ చెప్పారు.

సింహాచలమ్మ మోచేత్తో పొడిచింది. "పుస్తకంలో కృప అనుంది. ఈయన మళ్లీ దయ అన్నాడు. పాటలో ఆ మాటొత్తే దగ్గుతాడు. నోరు తిరగదేటి పాపం?"

కస్తూరమ్మ తల వంచుకుంది.

అందరూ మెల్లగా పాట పాడుతుండగా రొట్టె పళ్లెం వరుసలోకి వచ్చింది. ఎప్పటిలాగే ఆమె చేతులు కొంగులో దాచుకుంది. ఎప్పుడూ దాటి వెళ్లిపోయే అయ్యగారు ఈసారి ఆగారు. ఆమె ఎదురుగా చాప మీద మోకాళ్లూనారు.

"చెయ్యి చాపమ్మా."

"ఎంత తుడిసినా నా బాకీ తీరతం లేదయ్యగారూ."

"తీరదు. తుడిస్తే తీరేదైతే ఎప్పుడో తీరిపోయేది. ఇక్కడ హాజరీ వెయ్యరమ్మా. ఊరికే ఇస్తున్నాను, ఊరికే తీసుకో."

"ఏ మొకం పెట్టుకుని తీసుకోను?"

ఆయన పెదవులు కదిలి ఆగిపోయాయి. పాతవాళ్లు ఒక్కొక్కరే పాట ఆపేశారు.

"కృప," అన్నారాయన. మళ్లీ అన్నారు. "కృప ఉందమ్మా. తీసుకో."

"అమ్మయ్య, నోరు తిరిగింది," అని సింహాచలమ్మ చుట్టూ చూసింది. ఎవరూ నవ్వలేదు. అయ్యగారి భార్య త్రివేణమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

కస్తూరమ్మ చెయ్యి చాపింది. రొట్టె ముక్క అరచేతిలో పడింది. దానికి బరువే లేదు.

ఖర్కాయ్‌లో పోయిన ఆ పిల్ల అయ్యగారి కూతురు. పేరు కృప.