మాణిక్యాంబ కడిగిన డబ్బా

ఒండ్రుమట్టి శాస్త్రజ్ఞుల ప్రపంచ సదస్సు ఈసారి మా అమలాపురంలో జరిగింది. హోటళ్లు చాలక అతిథుల్ని ఇళ్లలో దించారు. మా ఇంటికి వియత్నాం నుంచి లిన్ గారొచ్చారు. ఆవిడ వాళ్ల భాషలో మాట్లాడితే మా చెవుల్లో పెట్టుకున్న అనువాద యంత్రంలో తెలుగు వినిపిస్తుంది.

మా వైపు ప్రతి ఇంట్లోనూ గాజు డబ్బాల దొంతర ఉంటుంది. ఏటా వరద తీశాక పిడికెడు గోదావరి ఒండ్రు కొత్త డబ్బాలో పోసి పాతవాటి మీద పెడతాం. తాతల నాటి నుంచీ అంతే. లిన్ గారు అంత దూరం నుంచి వచ్చింది అది చూడ్డానికే.

"మధ్యలో ఈ డబ్బా ఖాళీగా ఉందేం?" అన్నారు.

మా ఆవిడ మాణిక్యాంబ తల దించుకుంది. "దాన్నిండా ఆ ఏటి వరదలో కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ ముక్కలేనండీ. చుట్టాలొస్తుంటే ఇల్లు శుభ్రం చేసుకోమా? పొద్దున్నే అరటి మొదట్లో పోసి కడిగేశాను."

లిన్ గారు కోప్పడలేదు.

"మా ఊళ్లోనూ ఇలాంటివి సిగ్గుపడి పారేశారండీ. నదిని మేం బాగుచేశామంటే ఇప్పుడు పిల్లలు నమ్మరు. అసలెప్పుడు పాడైందని అడుగుతారు."

మాణిక్యాంబ కుచ్చెళ్లు దోపుకుని పెరట్లోకి నడిచింది. ఆవిడా, వెనకే వెళ్లిన లిన్ గారూ అరటి మొదట్లో గొంతుక్కూర్చుని, ఆ రంగురంగుల ముక్కల్ని మట్టితో సహా ఏరి డబ్బా నింపారు. మర్నాడు సదస్సుకి పట్టుకెళ్లిన ఆ దొంతరను చూసి హాలంతా లేచి నిలబడింది.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా, కాఫీ కన్నా ముందు మా ఆవిడ ఆ డబ్బా చూపిస్తుంది.

"ఇది మేం చేసిందేనండీ."

తర్వాత అన్నిటికన్నా పైన, వట్టి మట్టి తప్ప ఏమీ లేని డబ్బా మీద చెయ్యి వేస్తుంది.

"ఇదీ మేమే."