మతాధిపతి గడ్డం

మతాధిపతి పటం ఇంటింటా వేలాడాలని ఉత్తర్వు వచ్చింది. చిన్నకోడలు తన వాటాలో దాన్ని గోడవైపు తిప్పి తగిలించింది. తనిఖీకి వచ్చినప్పుడే ఇటు తిప్పేది.

వాళ్ల మతాన్ని నిషేధించింది ఆ మనిషే. చిన్నకోడలి మొగుణ్నీ, పెద్దకోడలి కొడుకునీ ఒకే రోజు పట్టుకెళ్లి చంపించాడు. సమాధుల్లేవు. వాళ్ల పేర్లు ఎక్కడ రాసినా నేరమే.

పెద్దకోడలు మాత్రం పక్క వాటాలో తన పటాన్ని రోజూ తుడిచేది. కిటికీ దగ్గరకు దింపి, భూతద్దం పెట్టి మరీ చూసుకునేది. చిన్నకోడలికి ఒళ్లు మండిపోయేది.

"కొడుకుని మింగినవాణ్ని అంత ముద్దుగా చూసుకుంటావేంటక్కా? సిగ్గనిపించదా?"

పెద్దకోడలు ఏదో చెప్పబోయి ఆగింది. చిన్నకోడలి నోట్లో నువ్వుగింజ నానదని వీధంతటికీ తెలుసు.

ఆ పటం చెక్కింది పెద్దకోడలి అన్నే. ఒకప్పుడు పెద్దల మీద వెక్కిరింత బొమ్మలు అచ్చేసి జైలుకెళ్లిన మొండి మనిషి. అలాంటివాడు సర్కారు పనికి ఒప్పుకుని, ఏడాదిపాటు రాగిరేకు మీద వంగి ఆ గడ్డంలో ఒక్కో వెంట్రుకా చెక్కాడు. ఇంటింటి పటాలూ ఆ రేకుతో అచ్చేసినవే. వెక్కిరించిన చెయ్యే గడ్డం దువ్వుతోందని వీధివాళ్లు ఉమ్మేశారు. పోయినప్పుడు మోయడానికి నలుగురు కూడా రాలేదు. చెల్లెలికి మిగిలింది అతని భూతద్దమే.

ఈ వేసవి ఉక్కకు తాళలేక మతాధిపతి గడ్డం తీయించుకున్నాడు. పాత రాగిరేకు కరిగించేశారు. పాత పటాలన్నీ తెచ్చి కూడలిలో కాల్చి, నున్నటి ముఖం పటాలు తీసుకెళ్లమన్నారు. ఆ ముఖాన్ని మంటలో వేసే భాగ్యం మళ్లీ వస్తుందా? చిన్నకోడలు అందరికంటే ముందు పరిగెత్తి, తనదాన్ని తన చేత్తోనే విసిరేసింది.

పెద్దకోడలు కదల్లేదు. పటాన్ని గుండెకు అదుముకుని కూర్చుంది. బంట్రోతు ఇంట్లోకే వచ్చాడు. ఇదొక్కటీ వదిలెయ్యమని అతని కాళ్లు పట్టుకుంది.

"కొత్తదాంట్లో అయ్యగారు ఇంకా బావున్నారమ్మా" అంటూ లాక్కుపోయాడు.

ఆమె గుప్పిట్లో చిరిగిన ముక్క మిగిలింది. చెవి కింద గడ్డం, బొటనవేలంత.

"ఈ బొచ్చు కోసమా అక్కా ఇంత ఏడుపు?"

"ఇక నీకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చూసుకో" అని పెద్దకోడలు ముక్కనూ, భూతద్దాన్నీ ఆమె చేతిలో పెట్టింది.

చిన్నకోడలు విసుక్కుంటూనే కిటికీ దగ్గరకు నడిచింది.

అద్దం కింద ప్రతి వెంట్రుకా ఆ మనిషి చంపించిన ఒకరి పేరు, చిరుగు అంచున ఉన్నది తన మొగుడిది.