ఎప్పుడంటే అప్పుడు

"అయిదేండ్లకు వేస్తే వడ్డీ బాగొస్తదమ్మా," అంది గోదావరిఖని బ్యాంకులో పనిచేసే శోభ.

"నడుమల అవసరం పడితే?" అడిగింది రెజీనా.

"తియ్యొచ్చు. వడ్డీల కోత పడుతది. నాలుగు సంతకాలు పెట్టి, ఒక రోజు ఆగాలె."

"అయితే వద్దు బిడ్డా. ఉత్త ఖాతాలనే ఉండనీ. ఎప్పుడంటే అప్పుడు తీసేటట్టు."

పక్కన కూర్చున్న తమ్ముడు యేసుకుమార్ నెత్తి పట్టుకున్నాడు. పొద్దున్నుంచి ఆయన వేసిన ఏ పాచికా పారలేదు. ముందు మంచిర్యాల తీసుకెళ్లి చర్చి దగ్గర్లో ప్లాటు చూపించాడు. "మళ్ల అమ్మాలంటే ఎన్నాళ్లు పడుతది?" అంది రెజీనా. కొనకముందే అమ్మకం మాటెత్తిన మనిషిని బ్రోకర్ వింతగా చూశాడు. పోనీ చీటీ వేద్దామంటే, "ఎత్తుకునేదాకా ఆగాలె గద," అని తల అడ్డంగా ఊపింది.

అవి ఆమె భర్త తీతు పనిచేసిన బొగ్గుగని కంపెనీ ఇచ్చిన డబ్బులు. ఏడేళ్లు ఆగాక, కోర్టు కాగితం వచ్చాక చేతికందాయి. వాటితో అక్క ఒక గూడు కట్టుకుంటే చాలని యేసుకుమార్ ఆశ. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక ఆమె సెంటినరీ కాలనీ పక్కనే రేకుల గదిలో కిరాయికుంటోంది. వానొస్తే గిన్నెలు పరవాలి. అయినా పాత క్వార్టర్ గుమ్మం కనబడే ఆ గది వదిలి రానంటుంది.

బ్యాంకు బయట చాయ్ బండి దగ్గర యేసుకుమార్ ఇక ఆపుకోలేకపోయాడు.

"ఇల్లు వద్దంటివి. బావ పేరు మీద సమాధుల తోటల ఒక రాయన్న వేయిద్దామంటే అదీ వద్దంటివి. మొన్న ఈస్టర్ తెల్లారి అందరు కొవ్వొత్తులు పట్టుకొని అక్కడికి పోతే, నువ్వొక్కదానివే ఇంట్ల కూసుంటివి. మొగని పైసలు గావాలె గని మొగడు వద్దా అంటున్నరక్కా జనం!"

రెజీనా గుండె కలుక్కుమంది. మొగడు వద్దా! షిఫ్టు వదిలే వేళకు ఈనాటికీ ఆమె కాళ్లు వాటంతటవే గుమ్మంలోకి వెళ్లి నిలబడతాయి. కాస్త ఎడమకు ఒరిగే తీతు నడక కోసం కళ్లు వీధి మలుపును వెతుకుతాయి. చేపల పులుసు వండితే తలకాయ ముక్క ఎవరికీ వేయదు. అది ఆయనది. ఆయన లేని సాయంత్రాలు ఎంత పొడుగో ఈ పిచ్చి తమ్ముడికి ఎలా చెప్పాలి? ఆమెకు ఆ మనిషి కావాలి. ఇంకేమీ అక్కర్లేదు.

"ఒక్క రూపాయి ముట్టలే నేను," అంది.

యేసుకుమార్ మెత్తబడ్డాడు. "అదే గద నా ఫికర్. తినవు, కట్టవు, పెంచవు. నిజం చెప్పక్కా, అవి ఎవరికన్న ఇయ్యాల్నా?"

రెజీనా చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "ఆఁ. ఇయ్యాలె."

"ఎవరికి?"

"కంపెనీకి."

"కంపెనీకా! బావ ఇగ లేడని వాళ్లిచ్చిన పైసలు మళ్ల వాళ్లకెందుకు?"

"మీ బావ దొరికిననాడు వాపస్ కట్టాలె గద, తమ్మీ."