మూడో జత బూట్లు

సిడ్నీకి వచ్చిన ఏడేళ్ళకు, 1989 జులైలో, అక్కడి చలికాలంలో, శౌరయ్యకు మంచు చూసే తీరిక దొరికింది. భార్య సుగుణకుమారి ఆసుపత్రిలో తన నైట్ డ్యూటీలు మార్చుకుంది. సిడ్నీ శివారు బ్లాక్‌టౌన్‌లోని ఇంటి నుంచి ఆరు గంటలు కారు నడిపి, మంచుకొండల కింద రోడ్డు పక్క మోటెల్లో దిగారు. ఇంటి దగ్గరి అలవాటు కొద్దీ బూట్లు గుమ్మం బయటే విడిచారు.

ప్రార్థన చేసుకుని, తెచ్చుకున్న పులిహోర తిన్నారు. హీటర్ పక్కనున్న పేము కుర్చీ శౌరయ్య కూర్చున్నప్పుడల్లా కిర్రుమంటుంటే సుగుణ నవ్వింది. తర్వాత ఇద్దరూ మంచం మీద ఒకే దుప్పటి కప్పుకుని, కిటికీ బయట కురుస్తున్న మంచును చూస్తూ కూర్చున్నారు. ఇంత హాయిగా ఉండి ఎన్నాళ్ళయిందో.

“బూట్లు తడిసిపోతాయండీ, లోపల పెట్టండి,” అంది సుగుణ.

శౌరయ్య తలుపు తీశాడు. తమ రెండు జతల పక్కన మూడో జత ఉంది. పాతకాలపు తోలు బూట్లు, ఎవరో పొందిగ్గా విడిచినట్టున్నాయి. వాకిట్లో మంచు మీద ఒక్క అడుగుజాడ కూడా లేదు. బూటులో చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది.

“పక్క గదివాళ్ళ బూట్లేవో ఇక్కడున్నాయి,” అన్నాడు.

“ఇక్కడోళ్ళు బూట్లతోనే లోపలికొస్తారు గదండీ.” సుగుణ గొంతు తగ్గించింది. “అయినా బూట్లు బయటుంటే మనిషి లోపలున్నట్టేగా.”

శౌరయ్య గుమ్మంలోనే ఉన్నాడు. సుగుణ మంచం దిగలేదు.

హీటర్ పక్కన పేము కుర్చీ, ఎవరో చలి కాచుకుంటూ హాయిగా వెనక్కి వాలినట్టు, మెల్లగా కిర్రుమంది.